కరెంటు పోయినా కుళాయి ఆగకూడదు

మార్కాపురం, గిద్దలూరు పట్టణాల్లో పంపుహౌసులకు, ఆస్పత్రులకు బ్యాకప్ కరెంటు కావాలి. సొంత ఆదాయంతో అయ్యే పని కాదు కాబట్టి గ్రాంటు అడగాలి. ఎవరిని అడగాలి? ఏ పేరుతో అడగాలి? వచ్చాక నడిపేదెవరు?

పశ్చిమ ప్రకాశంలో కరెంటు గురించి మాట్లాడితే నీళ్ల గురించి మాట్లాడినట్టే. డెల్టా ఊళ్లకు కాలువ పక్కనే ఉంటుంది. ఒక పూట కరెంటు లేకపోయినా ఏదో ఒక రేవులో బిందె ముంచుకోవచ్చు. మార్కాపురానికి ఆ వీలు లేదు. పట్టణం తాగే సాగర్ కుడికాలువ నీళ్లు త్రిపురాంతకం మండలం దూపాడు దగ్గరి వేసవి నిల్వ చెరువులో ఆగి, అక్కడి నుంచి మోటార్ల బలంతో పైపుల్లో రావాలి. గిద్దలూరు సంగతి ఇంకా కష్టం. అది ఎక్కువగా బోర్ల మీద, బోర్లు ఎండితే ట్యాంకర్ల మీద బతికే ఊరు. ట్యాంకరు నింపాలన్నా ఎక్కడో ఒకచోట మోటారు తిరగాల్సిందే.

రెండు గంటలు కరెంటు పోతే రెండు గంటల నీళ్లే పోతాయనుకుంటాం. నీళ్లు వదిలే సిబ్బంది లెక్క వేరేగా ఉంటుంది. పట్టణమంతటికీ ఒకేసారి నీళ్లిచ్చే శక్తి మన పథకాలకు లేదు. వార్డుల వారీగా వాల్వులు తిప్పుతూ వంతుల ప్రకారం వదులుతారు. తెల్లవారుజామున ఒక వీధి వంతు నడుస్తుండగా లైను ట్రిప్ అయిందంటే ఆ వీధి మళ్లీ తన వంతు వచ్చేదాకా ఆగాలి. ఖాళీ అయిన పైపుల్లోకి గాలి చేరుతుంది. కరెంటు వచ్చాక ముందు గాలి, తర్వాత బురద నీళ్లు, ఆ తర్వాతే పనికొచ్చే నీళ్లు. చివరి ఇళ్లకు ధార సన్నబడిపోతుంది. లో ఓల్టేజీతో వచ్చిన కరెంటు మోటారు వైండింగును కాల్చిందా, దాన్ని విప్పి, రీవైండింగు చేయించి, మళ్లీ బిగించేదాకా రోజులు గడుస్తాయి. చెట్ల కొమ్మలు నరకడానికి లైన్‌మన్ ఎల్‌సీ (లైన్ క్లియర్) తీసుకుని కరెంటు ఆపిన పూటా ఇంతే, నల్లమల వైపు గాలివానకు చెట్టు తీగల మీద పడిన రాత్రీ ఇంతే.

ఇక్కడ కుళాయి ఆగితే ఒంటికీ చేటే. పశ్చిమ మండలాల భూగర్భ జలాల్లో ఫ్లోరైడ్ ఎక్కువని మూడు తరాలుగా అనుభవిస్తున్నాం. లీటరు నీటిలో 1.5 మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడ్ ఉండకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. గార పట్టిన పళ్లు, వంగిన నడుములు కనిగిరి వైపు ఊళ్లకు ఎవరూ చెప్పక్కర్లేని పాఠం. సాగర్ నీళ్లు రాని పూట జనం దగ్గర్లోని బోరు దగ్గరికే పోతారు. శుద్ధి చేసే ఆర్‌ఓ ప్లాంటు కూడా కరెంటు మీదే నడుస్తుంది.

అందువల్ల ఈ ప్రాంతం నుంచి బ్యాకప్ కరెంటు కోసం వెళ్లే దరఖాస్తును నీళ్ల దరఖాస్తుగా రాయాలి. ఆస్పత్రి తర్వాత మొదటి జనరేటరు, మొదటి సోలార్ పలక పంపుహౌసుకే దక్కాలి. అలా రాస్తే ఇప్పుడు మూసి ఉన్నట్టు కనిపించే కొన్ని తలుపులు తెరుచుకుంటాయి.

కరెంటు కొండ పక్కనే

మార్కాపురం నుంచి దోర్నాల మీదుగా ఘాటెక్కితే శ్రీశైలం. అక్కడ కుడిగట్టు కేంద్రం ఒక్కటే 770 మెగావాట్లది, ఎడమగట్టుది 900 మెగావాట్లు. అంత కరెంటు పుట్టే చోటుకు ఇంత దగ్గర్లో ఉండి, పంపుహౌసులో మోటారు ఆగిపోతే చేతులు కట్టుకు నిలబడాల్సి రావడం బాధపెట్టే విషయం. కరెంటు ఎంత పుట్టిందన్నదానికి, మన ఫీడరు చివర ఎంత నికరంగా అందిందన్నదానికి సంబంధం తక్కువ. కొరత లేని రోజున కూడా తీగ తెగుతుంది.

మన పూర్వులు ఈ నేల మీదే మరో దారి చూశారు. కంభం చెరువు విజయనగర కాలం నాటిది. కొండల మధ్య కట్ట వేసి, నీళ్లు తమంతట తామే పల్లానికి పారేలా కట్టారు. 2020లో అంతర్జాతీయ సాగునీటి, మురుగునీటి పారుదల సంఘం దాన్ని వారసత్వ సాగునీటి కట్టడంగా గుర్తించింది. ఆ నీటికి మోటారు అక్కర్లేదు. వెలిగొండ ఊహ కూడా అదే బాటలోది. 1996లో శంకుస్థాపన జరిగిన ఆ ప్రాజెక్టులో శ్రీశైలం జలాశయం వెనుక భాగంలోని కొల్లంవాగు నుంచి దాదాపు 18.8 కిలోమీటర్ల జంట సొరంగాల్లో నీళ్లు వాలు మీద రావాలి. రెండో సొరంగం తవ్వకం 2024 జనవరికి పూర్తయింది. మిగతా పనులు కూడా పూర్తయి 43.5 టీఎంసీలు నల్లమల సాగర్ జలాశయానికి చేరితే 15.25 లక్షల మందికి తాగునీరన్నది లక్ష్యం. ఆ రోజు త్వరగా రావాలి. వచ్చాక కూడా జలాశయం నుంచి శుద్ధి కేంద్రానికి, అక్కడి నుంచి ఓవర్‌హెడ్ ట్యాంకుకు నీళ్లు ఎత్తే పని మోటార్లదే. వెలిగొండ వచ్చేదాకా ఆగుదామంటే ఆ మోటార్ల సమస్య అప్పుడూ అలాగే ఉంటుంది.

ప్రసవాల గది ఆగదు

2022 ఏప్రిల్ గుర్తుందా? రాష్ట్రంలో కరెంటు చాలక పరిశ్రమలకు పవర్ హాలిడే ప్రకటించారు. ఆ రోజుల్లోనే అనకాపల్లి జిల్లా నర్సీపట్నం ప్రభుత్వ ఆస్పత్రిలో సెల్‌ఫోన్ల వెలుతురులో కాన్పు చేయాల్సి వచ్చిందన్న వార్త రాష్ట్రాన్ని కదిలించింది. ఆస్పత్రిలో జనరేటరు ఉన్నా ఆ వేళకు అక్కరకు రాలేదని అప్పటి వార్తలు చెప్పాయి. ఆ ఆస్పత్రి సిబ్బందిని తప్పుపట్టడం కోసం ఇది రాయడం లేదు, చీకట్లో తల్లీబిడ్డలను కాపాడింది వాళ్లే. గ్రాంటుతో యంత్రం కొన్నంత మాత్రాన పని అయిపోదని చెప్పడానికి ఇంతకన్నా సూటి ఉదాహరణ లేదు.

ఆస్పత్రిలో కూడా ఏది ముందో తెలుసుకుని అడగాలి. టీకాలు పాడైపోతాయన్నది అందరికీ మొదట తట్టే భయం. నిజానికి టీకాలు ఉంచే ఐస్‌లైన్డ్ రిఫ్రిజిరేటర్లను ఆ ఇబ్బంది చూసే తయారుచేశారు. వాటి గోడల్లో మంచు పొర ఉంటుంది. మూత తీయకపోతే 43 డిగ్రీల ఎండలో కూడా కనీసం 20 గంటలు లోపల 2 నుంచి 8 డిగ్రీల చల్లదనం నిలవాలన్నది ప్రమాణం. ప్రసవాల గది, ఆపరేషన్ థియేటరు, నవజాత శిశువుల వార్మరు, ఆక్సిజన్ యంత్రం మాత్రం పది నిమిషాలు కూడా ఆగలేవు. ఊపిరి యంత్రానికి పది సెకన్లు కూడా ఎక్కువే. జనరేటరు అందుకోవడానికి పట్టే ఆ కొద్ది సెకన్లను బ్యాటరీ యూపీఎస్ మోయాలి. అంటే ఆస్పత్రికి అడగాల్సింది రెండంచెల ఏర్పాటు: క్షణాల కోసం బ్యాటరీ, గంటల కోసం జనరేటరు.

ఎండ దీనికి సాయపడగలదని ఛత్తీస్‌గఢ్ చూపించింది. అక్కడి ప్రభుత్వ సంస్థ క్రెడా వందల ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకు బ్యాటరీతో సహా సోలార్ పెట్టింది. ఢిల్లీలోని సీఈఈడబ్ల్యూ సంస్థ 2017లో వెలువరించిన అధ్యయనం ప్రకారం, కరెంటు సరిగా లేని కేంద్రాలతో పోలిస్తే సోలార్ ఉన్నవాటిలో నెలకు జరిగే కాన్పులు దాదాపు రెట్టింపు. వెలుతురు ఉంటుందన్న నమ్మకం ఉంటే జనం ఆస్పత్రికి వస్తారు. కంభం, యర్రగొండపాలెం వైపు చెంచు గూడేల నుంచి కాన్పుకు వచ్చే ఆడబిడ్డకు ఆ నమ్మకం ఎంత అవసరమో మనకు తెలుసు.

నిండిన ట్యాంకు, రెండో తీగ, ఆ తర్వాతే డీజిల్

పంపుహౌసు దగ్గరికి వద్దాం. బ్యాకప్ అనగానే అందరి నోటా వచ్చే మాట జనరేటరు. ఖర్చు లెక్కన చూస్తే అది మూడో స్థానంలో ఉండాలి.

మొదటిది నిల్వ. 2011 జనగణన ప్రకారం మార్కాపురం జనాభా 71 వేలు. మురుగునీటి పైపుల వ్యవస్థ లేని పట్టణానికి కేంద్ర ప్రజారోగ్య ఇంజినీరింగ్ సంస్థ చెప్పిన ప్రమాణం మనిషికి రోజుకు 70 లీటర్లు. ఆ లెక్కన ఆనాటి జనాభాకే రోజుకు 50 లక్షల లీటర్లు కావాలి. ఇంత నీటిని 30 మీటర్ల ఎత్తుకు తోడాలంటే, పంపు సామర్థ్యం 60 శాతమనుకుంటే, 680 యూనిట్ల కరెంటు చాలు. ఆరు గంటల వంతు 170 యూనిట్లు. ఇది పట్టణంలో ట్యాంకులకు ఎక్కించే లెక్క మాత్రమే. దూపాడు నుంచి పైపులో తోసుకురావడం దీనికి అదనం. అయినా ఆ అంకె చూడండి. మనం భయపడేంత పెద్దది కాదు. కరెంటు ఉన్నప్పుడే ఆరు గంటల నీళ్లు అదనంగా పైకెక్కించి ఉంచగల ట్యాంకు ఉంటే, కరెంటు లేని ఆరు గంటలు ఆ నీళ్లే కిందికి దిగుతాయి. డీజిల్ వాసన లేదు, ఆపరేటరు అక్కర్లేదు, బ్యాటరీ మార్చే పని లేదు.

రెండోది ఇంకో ఫీడరు. పంపుహౌసుకు ఒకే 11 కేవీ లైను ఉండి, అదే లైను మీద ఇళ్లు, దుకాణాలు, మిల్లులు, వ్యవసాయ మోటార్లు ఉంటే ఎవరి దగ్గర లోపమొచ్చినా నీళ్లు ఆగుతాయి. నీటి పథకానికి విడిగా ఒక లైను, వీలైతే రెండో సబ్‌స్టేషన్ నుంచి ఇంకో లైను తెచ్చి మార్పిడి స్విచ్చు పెడితే, ఏడాదిలో వచ్చే అంతరాయాల్లో చాలా భాగం మోటారుకు తగలవు. ఇది కరెంటు పంపిణీ సంస్థ ఏపీసీపీడీసీఎల్ చేయాల్సిన పని. పంపిణీ సంస్థల కోసం కేంద్రం 2021లో 3,03,758 కోట్ల రూపాయల అంచనాతో ఆర్‌డీఎస్‌ఎస్ పథకం తెచ్చింది. ఫీడర్లను విడదీయడం అందులో ముఖ్యమైన పని. పట్టణం అడగకపోతే పట్టణం పంపుహౌసు ఆ జాబితాలోకి దానంతటదే రాదు. అడిగేముందు నీటి పథకాల కరెంటు బకాయిల సంగతి తేల్చుకుని వెళ్లడం మంచిది, ఎందుకంటే అవతలి బల్ల మీద మొదట తెరిచేది ఆ ఫైలే.

మూడోది జనరేటరు. ఇక్కడ తప్పు జరిగేది సైజు దగ్గర. 60 హార్స్‌పవర్ మోటారంటే 45 కిలోవాట్లు. 62.5 కేవీఏ జనరేటరు 50 కిలోవాట్లు ఇస్తుంది కాబట్టి సరిపోతుందని ఎస్టిమేటు వేస్తారు. నడిచే మోటారుకు అది సరిపోతుంది, మొదలయ్యే మోటారుకు చాలదు. నేరుగా స్టార్ట్ చేస్తే మోటారు ఆ క్షణంలో మామూలుకు ఆరు రెట్ల వరకు కరెంటు లాగుతుంది. జనరేటరు మూలిగి ఆగిపోతుంది. అప్పుడు రెట్టింపు సైజు జనరేటరైనా కొనాలి, లేదా సాఫ్ట్ స్టార్టరో, మోటారు వేగాన్ని అదుపు చేసే వీఎఫ్‌డీ ప్యానలో పెట్టి మోటారును మెల్లగా లేపాలి. రెండోది చవక, మోటారుకూ మంచిది. ఈ ఒక్క లైను ఎస్టిమేటులో లేకపోవడం వల్ల కొన్న యంత్రం షెడ్డులో కూర్చుంటుంది. కొత్త జనరేటర్లకు కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి నాలుగో దశ ఉద్గార నిబంధనలు వర్తిస్తాయి. విద్యుత్ భద్రతా అధికారుల అనుమతి కూడా కావాలి. పాత యంత్రం చవకగా దొరికిందని తెచ్చుకునే రోజులు పోయాయి.

సోలార్ విషయంలో ఒక జాగ్రత్త

ఈ ప్రాంతానికి దేవుడిచ్చిన గ్రాంటు ఎండ. కిలోవాటు సోలార్ పలకలు రోజుకు సగటున నాలుగు యూనిట్లు ఇస్తాయి. పది కిలోవాట్లకు వంద చదరపు మీటర్ల డాబా చాలు. మున్సిపల్ కార్యాలయాలు, స్కూళ్లు, ఆస్పత్రుల డాబాలన్నీ ఖాళీగా ఎండుతున్నాయి. 2024 ఫిబ్రవరిలో 75,021 కోట్లతో కేంద్రం ఆమోదించిన పీఎం సూర్యఘర్ పథకంలో ఇళ్లకు రాయితీలున్నాయి, తమ పరిధిలో పలకలు పెట్టించినందుకు స్థానిక సంస్థలకూ ప్రోత్సాహకం ఉంది.

కానీ డాబా మీద పలకలున్నాయి కాబట్టి కరెంటు పోయినా మనకు ఉంటుందని అనుకోవడం పెద్ద పొరపాటు. గ్రిడ్‌కు కలిపిన మామూలు సోలార్ ఇన్వర్టరు, లైనులో కరెంటు పోయిన క్షణమే ఆగిపోయేలా తయారవుతుంది. లైను చచ్చిందనుకుని స్తంభం ఎక్కిన లైన్‌మన్‌కు మన డాబా కరెంటు వెనక్కి పారి తగలకూడదు, అందుకే ఆ ఏర్పాటు. అది ఉండి తీరాల్సిన ఏర్పాటు. అలాంటి సోలార్ బిల్లు తగ్గిస్తుంది, బ్యాకప్ ఇవ్వదు. బ్యాకప్ కావాలంటే బ్యాటరీ, దానికి తగ్గ హైబ్రిడ్ ఇన్వర్టరు, ముఖ్యమైన లోడ్లకు విడి వైరింగు కావాలి. వీటిని దరఖాస్తులో మొదటి రోజే రాయాలి. పలకలు వచ్చాక గుర్తొస్తే మళ్లీ టెండరు, మళ్లీ రెండేళ్లు.

గిద్దలూరుకు ఇంకా తేలికైన దారి ఉంది. 2011 నాటికే 35 వేల జనాభా ఉన్న ఊరు, బోర్లు చెదురుమదురుగా ఉంటాయి. చిన్న బోరు మోటారును సోలార్ పలకలతో నేరుగా, బ్యాటరీ లేకుండా, పగలంతా నడపొచ్చు. ఎండ ఉన్నంతసేపూ నీళ్లు ట్యాంకులోకి ఎక్కుతాయి, సాయంత్రం కుళాయిలోకి దిగుతాయి. ఖరీదైన బ్యాటరీ చేసే పని ట్యాంకు చేసేస్తుంది. పల్లెల్లో జలజీవన్ మిషన్ కింద ఇలాంటి చిన్న సోలార్ పథకాలు దేశంలో చాలాచోట్ల నడుస్తున్నాయి. నగర పంచాయతీ వార్డుకు అవి ఎందుకు పనికిరావో ఎవరైనా చెప్పాలి. బోర్లు ఎండే కాలంలో మాత్రం ఇది అక్కరకు రాదు, లోతున నీళ్లు లేకపోతే సూర్యుడు కూడా తోడలేడు. అప్పుడు ట్యాంకర్లు నింపే చోటికి జనరేటరు తప్పదు.

ఏ తలుపు తట్టాలి

జాతీయ, రాష్ట్ర పథకాల జాబితాలో ‘మున్సిపల్ భవనాలకు బ్యాకప్ కరెంటు’ అన్న పద్దు వెతికితే దొరకదు. దొరకలేదని ఫైలు మూసేయడం అలవాటైపోయింది. నీళ్ల పేరుతో, ఆరోగ్యం పేరుతో, కరువు పేరుతో వెతకాలి.

అన్నిటికన్నా దగ్గరిది ఆర్థిక సంఘం గ్రాంటు. 2021-26 కాలానికి 15వ ఆర్థిక సంఘం దేశంలోని పట్టణ స్థానిక సంస్థలకు 1,21,055 కోట్లు సిఫారసు చేసింది. మనలాంటి చిన్న పట్టణాల వాటాలో 60 శాతానికి షరతులు పెట్టింది: సగం తాగునీటికి, సగం పారిశుద్ధ్యానికి. మిగతా 40 శాతం స్థానిక అవసరానికి, జీతాలకు మాత్రం వాడకూడదంది. తాగునీటి వాటాతో జనరేటరు కొనొచ్చా అని అడిగితే కార్యాలయాల్లో తటపటాయిస్తారు. నీటి పథకంలో పంపు ఎంత భాగమో, ఆ పంపును నడిపించే కరెంటు ఏర్పాటూ అంతే భాగమని నా వాదన. ‘పంపింగ్ స్టేషన్ నిరంతరాయ నిర్వహణ’ అని అంచనా తయారుచేసి, ప్రజారోగ్య ఇంజినీరింగ్ శాఖ సాంకేతిక ఆమోదంతో పంపితే అది నీళ్ల ఖర్చే. ఆరోగ్య కేంద్రాల కోసం అదే సంఘం స్థానిక సంస్థల ద్వారా విడిగా 70,051 కోట్లు సిఫారసు చేసింది. ఇప్పుడు 2026-31 కాలానికి అరవింద్ పనగారియా అధ్యక్షతన ఏర్పడిన 16వ సంఘం వంతు. కొత్త అయిదేళ్లకు ప్రణాళికలు రాసుకునేటప్పుడే ఈ పద్దు ఎక్కించాలి. ఆడిట్ లెక్కలు ప్రజల ముందు పెట్టని, ఆస్తిపన్ను సంస్కరణ చేయని పట్టణాలకు గ్రాంటు ఇవ్వొద్దని 15వ సంఘం షరతు పెట్టింది. లెక్కలు సర్దుకోవడం కూడా నీళ్ల పనే.

పలకరాయి గనుల ఊరైన మార్కాపురానికి ఇంకో నిధి మీద హక్కుంది. గనులున్న జిల్లాల్లో 2015 నుంచి జిల్లా ఖనిజ ఫౌండేషన్లు ఏర్పడ్డాయి. గనుల యజమానులు రాయల్టీతో పాటు కట్టే సొమ్ము అందులో చేరుతుంది. ఆ డబ్బులో ఎక్కువ భాగం తాగునీరు, ఆరోగ్యం, విద్య వంటి ముఖ్య అవసరాలకే పెట్టాలి. మొదట కనీసం 60 శాతమన్నారు, 2024 సవరణతో 70 శాతం చేశారు. మార్కాపురం పలకరాయిని 2015 ఫిబ్రవరిలో కేంద్రం చిన్నతరహా ఖనిజాల జాబితాలో చేర్చింది కాబట్టి దాని వాటా ఎంతో రాష్ట్రమే నిర్ణయిస్తుంది. ఇక్కడ కొత్త చిక్కు ఒకటి ఉంది. 2025 డిసెంబరు ఆఖరున మార్కాపురం జిల్లా ఏర్పడింది. ఖనిజ నిధి జిల్లాల వారీది. ఉమ్మడి జిల్లాలో పెద్ద ఆదాయం చీమకుర్తి గ్రానైటుది, అది ఒంగోలు వైపే ఉండిపోయింది. ఇన్నాళ్లూ ఉమ్మడిగా పోగైన నిధిలో పశ్చిమ మండలాల వాటా ఎంతో తేల్చమని అడగాల్సిన సమయమిదే. ఆలస్యమైతే అడిగే గొంతు సన్నబడుతుంది.

వెనకబడిన ప్రాంతాల గ్రాంటు కథ ఇంకా పాతది. మార్కాపురం, గిద్దలూరు, కంభం ప్రాంతాలు 1970 ఫిబ్రవరి 2న ఒంగోలు జిల్లా ఏర్పడేదాకా కర్నూలు జిల్లావే. రాష్ట్ర విభజన తర్వాత కేంద్రం రాయలసీమ నాలుగు జిల్లాలకు, ఉత్తరాంధ్ర మూడు జిల్లాలకు ఏడాదికి 50 కోట్ల చొప్పున ప్రత్యేక సాయం ఇచ్చింది. కర్నూలుకు వచ్చింది. కర్నూలు నుంచి విడదీసిన ఈ తాలూకాలకు రాలేదు. నేల మారలేదు, వాన మారలేదు, మారింది జిల్లా పేరే. 2024 జులై 23న కేంద్ర బడ్జెట్ ప్రసంగంలో నిర్మలా సీతారామన్ రాయలసీమ, ఉత్తరాంధ్రలతో పాటు ప్రకాశం పేరు కూడా చెప్పారు. ఆ ఒక్క మాట కోసం ఈ ప్రాంతం చాలా ఏళ్లు ఎదురుచూసింది. ఆ మాటను పట్టుకుని పంపుహౌసుల అంచనాలు చేత్తో పట్టుకుని వెళ్లాలి.

ఎంపీ నిధులు అందరికీ తెలిసినవే. ఏడాదికి 5 కోట్లు. ఒంగోలు లోక్‌సభ స్థానంలో ఏడు అసెంబ్లీ నియోజకవర్గాలు. సమానంగా పంచితే ఒక్కోదానికి 71 లక్షలు. రోడ్లు, కల్యాణ మండపాలు, బస్ షెల్టర్లు అందులోనే. ఒక ఆస్పత్రి జనరేటరుకు, ఒక పంపుహౌసు ప్యానలుకు అడగొచ్చు, పట్టణమంతటికీ కాదు.

నన్ను అన్నిటికన్నా ఆలోచింపజేసేది విపత్తు నిధి. కోస్తాకు తుపాను హెచ్చరిక వచ్చిందంటే తాగునీటి పథకాలకు జనరేటర్లు సిద్ధం చేయమని ఆదేశాలు వెళ్తాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను కూల్చాక, కరెంటు లేక నీళ్లూ ఆగిపోయాక, ప్రపంచ బ్యాంకు 25 కోట్ల డాలర్ల రుణంతో పునరుద్ధరణ ప్రాజెక్టు వచ్చింది. విశాఖలో కరెంటు తీగలు భూమిలోకి వెళ్లింది ఆ డబ్బుతోనే. పశ్చిమ ప్రకాశం విపత్తు కరువు. దానికి ఒకటో నంబరు, పదో నంబరు ప్రమాద సూచికలు ఎగరవు. నెలల తరబడి మెల్లగా వస్తుంది, అందుకే జనరేటరు సిద్ధం చేయమని ఎవరూ ఆదేశించరు. చట్టం దృష్టిలో కరువూ విపత్తే. 15వ ఆర్థిక సంఘం విపత్తు నిధిలో 20 శాతం ముందస్తు నివారణకు, 10 శాతం సన్నద్ధతకు కేటాయించమంది. కరువు ఎక్కువున్న 12 రాష్ట్రాలకు నివారణ నిధిలో 1,200 కోట్లు విడిగా చెప్పింది, వాటిలో ఆంధ్రప్రదేశ్ ఉంది. మే నెలలో బోరు మోటారు ఆగకుండా చూడటం కరువు నివారణ కాకపోతే మరేది?

బయట దేశాల్లో పట్టణాలు ఇలా అడిగి తెచ్చుకున్నాయి. 2019లో కాలిఫోర్నియాలో కార్చిచ్చుల భయంతో కరెంటు కంపెనీలు గాలి వీచిన రోజుల్లో లైన్లు ఆపేశాయి. లక్షల ఇళ్లు చీకటయ్యాయి. పట్టణాలు గట్టిగా పట్టుబట్టాక 2020-21లో ఆ రాష్ట్ర ప్రభుత్వం కౌంటీలకు, పట్టణాలకు, నీటి బోర్డుల వంటి సంస్థలకు బ్యాకప్ కరెంటు ఏర్పాట్ల కోసం 5 కోట్ల డాలర్లు కేటాయించింది. వాళ్ల జబ్బు కార్చిచ్చు, మనది కరువు. మందు ఒకటే.

యంత్రం వస్తుంది, డీజిల్ రాదు

ఇన్ని తలుపుల వెనకా ఒకే షరతు ఉంది. గ్రాంటు యంత్రం కొనిస్తుంది, నడిపే ఖర్చు ఇవ్వదు. ఎంపీ నిధుల నిబంధనల్లోనైతే ఆస్తి నిర్వహణ మాదేనని వాడుకునే సంస్థ ముందే రాసివ్వాలి. ఆ కాగితం మీద సంతకం పెట్టేటప్పుడు ఎవరూ లెక్క వేయరు.

వేద్దాం. డీజిల్ జనరేటరు యూనిట్‌కు పావు లీటరు నుంచి 0.3 లీటరు తాగుతుంది. ఇందాక చెప్పుకున్న ఆరు గంటల 170 యూనిట్లకు దాదాపు 50 లీటర్లు, అంటే ఐదు వేల రూపాయలకు అటూ ఇటూ. నెలకు నాలుగు పూటలు నడిస్తే ఇరవై వేలు. పట్టణానికి ఇది మోయలేని భారం కాదు. కాకపోతే సాధారణ నిధిలో దీనికంటూ పద్దు ఉండాలి, కరెంటు పోయిన రాత్రి ఎవరి ఆమోదం కోసమో ఆగకుండా డీజిల్ డ్రమ్ము నిండి ఉండాలి. వాడని జనరేటరు ముందు చచ్చేది బ్యాటరీ దగ్గర. అమెరికాలో ఎన్‌ఎఫ్‌పీఏ 110 అనే ప్రమాణం నెలకోసారి కనీసం 30 నిమిషాలు లోడు మీద నడపమంటుంది. మన ఎండలకు, దుమ్ముకు వారానికోసారి నడిపినా తప్పు లేదు. నడిపిన తేదీ, ఎన్ని నిమిషాలు, ఎంత డీజిల్, ఎవరి సంతకం అన్నది షెడ్డు గోడ మీదే రాసి ఉండాలి. కౌన్సిలరు వెళ్లినా, విలేకరి వెళ్లినా, మామూలు పన్ను కట్టే మనిషి వెళ్లినా చదువుకునేలా ఉండాలి.

దరఖాస్తు బలం కూడా ఇలాంటి రాతల్లోనే ఉంది. ఏడాదిలో పంపుహౌసుకు ఎన్నిసార్లు, ఎంతసేపు కరెంటు పోయిందో సబ్‌స్టేషన్ లాగ్‌బుక్కులో ఉంటుంది. అది తెచ్చుకోవాలి. ఏ మోటారు ఎన్ని హార్స్‌పవర్లు, ఏ స్టార్టరు, ఏ ట్యాంకు ఎన్ని లీటర్లు, అంతరాయం వల్ల ఏ వార్డు వంతు ఎన్నిసార్లు తప్పింది, ట్యాంకర్లకు ఎంత ఖర్చయింది అన్నవి ఒకే పట్టికలో ఉండాలి. ‘తీవ్ర ఇబ్బందులు ఎదుర్కొంటున్నాము’ అన్న వాక్యం ప్రతి దరఖాస్తులోనూ ఉంటుంది. అంకెలున్న పట్టిక ఉండదు. పైన కూర్చున్న అధికారికి వందల ఫైళ్లలో మన ఫైలు విడిగా కనిపించేది ఆ పట్టికతోనే.

విడివిడిగా వెళ్తే మార్కాపురం పెద్దదిగా, గిద్దలూరు చిన్నదిగా కనిపిస్తాయి. మార్కాపురం, గిద్దలూరు, కనిగిరి కలిసి ఒకే ప్రాజెక్టు నివేదిక రాయిస్తే ఇంజినీరింగ్ సర్వే ఖర్చు పంచుకోవచ్చు, ఒకే రకం యంత్రాలు కొంటే ఒకే మెకానిక్కు, ఒకే విడిభాగాల నిల్వ మూడు ఊళ్లకూ సరిపోతాయి. కంభం, యర్రగొండపాలెం మున్సిపాలిటీలు కాకపోయినా అక్కడి ఆస్పత్రులను ఆ నివేదికలో చేర్చడానికి అడ్డేమీ లేదు. చక్రాల మీద లాగే ఒక జనరేటరును మూడు పట్టణాల మధ్య ఉమ్మడిగా ఉంచుకుంటే, ఒకచోట యంత్రం చెడిన పూట రెండోచోటి నుంచి రెండు మూడు గంటల్లో చేరుతుంది. కొత్త జిల్లా కలెక్టరేట్ ఇలాంటి ఉమ్మడి పనికి తగిన చోటు. జిల్లా కేంద్రం అయినందుకు మార్కాపురంలో కొత్త కార్యాలయాలు వస్తాయి, వాటితో పాటే ఏసీలకు, కంప్యూటర్లకు జనరేటర్లు వస్తాయి. అవి రాకముందే పంపుహౌసు పేరు జాబితాలో పైన ఉండాలి.

పట్టణాల్లో ఉండే మనం చేయగలిగింది కూడా కొంత ఉంది. వార్డు సచివాలయానికి వెళ్లి మూడు సంగతులు రాతపూర్వకంగా అడగండి. మన ట్యాంకుకు నీళ్లెక్కించే మోటారుకు ఎన్ని ఫీడర్ల నుంచి కరెంటు వస్తోంది? మన ఆస్పత్రి జనరేటరు చివరిసారి లోడు మీద ఎప్పుడు నడిచింది? డీజిల్ కోసం ఈ ఏడాది బడ్జెట్‌లో ఎంత పెట్టారు? జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల ఫీజుతో అడగొచ్చు. ముప్పై రోజుల్లో ఇవ్వాలి. ఆ జవాబు కాగితాలే రేపు గ్రాంటు దరఖాస్తుకు జతపరిచే మొదటి పత్రాలవుతాయి.